కాపరి కలం నుండి: తార్సుకు ఎవరు వెళ్తారు?



గడిచిన క్రిస్మసుకు ముందు వారం, సూర్యాపేటలో ఒక సహోదరుణ్ణి పరామర్శించడానికి డయాలసిస్ గదికి వెళ్లాను. ఆయనది కోదాడ వైపు పల్లె. మిర్యాలగూడ రైసు మిల్లులో ఇరవై ఏళ్లు హమాలీగా బస్తాలు మోసిన మనిషి. ఇప్పుడు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు ఆ మంచం మీద పడుకోవాలి. చేతికి రెండు సూదులు, ప్రక్కన మిషను. ఒంట్లోని రక్తం గొట్టాల వెంట బయటికి వెళ్లి, శుభ్రమై మళ్లీ ఒంట్లోకి వస్తుంది. నేను ప్రార్థన ముగించి లేవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యగారూ, నాకు షుగరు లేదు, తాగుడు లేదు. ఈ రోగం నాకెందుకొచ్చింది? డాక్టర్లనడిగితే ఇదీ అని చెప్పలేమంటున్రు. మీరన్నా చెప్పున్రి" అన్నాడు.

ఓదార్పు మాట చెప్పగలిగాను గాని కారణం చెప్పలేకపోయాను. నాకు తెలియదు గనుక.

అయితే ఆ ప్రశ్నకు జవాబు వెదికే పనిలోనే ఆయన కూతురు ఉన్నది. పట్నంలో ఒక పరిశోధన కేంద్రంలో, షుగరూ బీపీ లేని పల్లె ప్రజలకు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకునే పనిలో చేరి మూడేళ్లయింది. ఈ నెల ఆ అమ్మాయిని గురించి వ్రాయదలచాను. వారి అనుమతితోనే వ్రాస్తున్నాను గాని, పేరు చెప్పను, ఎవరూ గుర్తు పట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

క్రిస్మసుకు ఇంటికి వస్తూ ఆ అమ్మాయి బట్టల సంచితో పాటు పుస్తకాలన్నీ తెచ్చేసింది. తల్లి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, బిడ్డ ఇక పోనంటున్నది" అని చెప్పింది. పాఠకులారా, నిజం ఒప్పుకుంటాను. ఆ మాట వినగానే నా మనస్సులో మొదట కలిగింది సంతోషమే. ఎందుకంటే రెండేళ్లుగా ఆ తల్లి నన్ను, "ఇరవై ఏడేండ్లొచ్చినయి, పెండ్లికి ఒప్పించండి" అని బ్రతిమాలుతున్నది. నేను కూడా ఆ అమ్మాయి కనబడినప్పుడల్లా, "ఇంకెంతకాలం చదువమ్మా?" అని అడుగుతూ వచ్చాను. నువ్వు చేసే పనేమిటని ఒక్కసారీ అడగలేదు.

ఆ సాయంత్రం వారింటి అరుగు మీద కూర్చున్నప్పుడు మొదటిసారి అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది:

"చదువు కష్టమై కాదు అయ్యగారూ. సోమవారం సోమవారం అందరం కూర్చొని కొత్తగా వచ్చిన పరిశోధనల గురించి మాట్లాడుకోవాలె. మిగతావాళ్ల ఇండ్లలో డాక్టర్లున్నరు, ప్రొఫెసర్లున్నరు. ఏ సదస్సుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలె, పెద్ద ప్రొఫెసరుకు ఉత్తరం ఎట్ల రాయాలె, అవన్నీ వాళ్లకు తెలుసు. నాకు గడువు దాటినంక తెలుస్తది. ఎనిమిది నెలలు నా ప్రయోగం కుదరలేదు. నేనే తెలివితక్కువదాన్ననుకున్న. సీనియర్లకు కూడా అట్లనే పోతయని నాకెవరూ చెప్పలేదు. మా గైడు మంచాయనే, కాని ఆయన క్రింద పద్నాలుగు మందిమి. రెండు నెలలకొకసారి దొరుకుతడు. మీ నాన్న ఏం చేస్తడు అని ఎవరన్నా అడుగుతరేమోనని క్యాంటీన్‌లో ఒక్కదాన్నే కూర్చుంట. అక్కడ నాకు దారి చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ నా పనేందో అడిగేవాళ్లు లేరు."

చివరి మాట నాకే తగిలింది.

పల్లెల్లో ఉన్న మనకు ఈ పరిశోధన చదువు సంగతి అంతగా తెలియదు గనుక రెండు మాటలు చెప్పాలి. డిగ్రీ, ఎం.ఎస్సీ. చదువుల్లో పుస్తకముంటుంది, పరీక్ష ఉంటుంది, మార్కులుంటాయి. పరిశోధనలో ఇంతవరకు ఎవరికీ తెలియని సంగతి కనుక్కోవాలి. అయిదారేళ్లు పట్టవచ్చు. పది ప్రయత్నాల్లో తొమ్మిది పోతాయి. నెట్ పరీక్ష ప్యాసైతే ఫెలోషిప్పు రావచ్చు, కాని తప్పిపోయిన ప్రయోగాన్ని చూసి కుంగిపోకుండా ఎలా నిలబడాలో ఆ పరీక్ష నేర్పదు. అది మనిషి నుండి మనిషికి రావాలి. అందుకే ప్రతి పరిశోధక విద్యార్థికీ ఒక గైడును నియమిస్తారు. పేరుకు గైడు ఉండడం వేరు, చెయ్యి పట్టి నడిపించేవాడు ఉండడం వేరు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక నాకు మన తెలుగువాడైన ఒక శాస్త్రవేత్త జ్ఞాపకం వచ్చాడు. డయాలసిస్ రోగుల రక్తపరీక్ష చీటీలో ఫాస్ఫరస్ అని ఒక వరుస ఉంటుంది. కిడ్నీలు పనిచేయకపోతే అది రక్తంలో పెరిగిపోతుంది, ఎముకలను, రక్తనాళాలను చెరుపుతుంది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రెండవవారు ఆయన గైడు సైరస్ ఫిస్క్. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని విద్యార్థులు నేటికీ చదువుకుంటారు. అదే జంట 1927లో కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత ఏ.టి.పి. అనే పదార్థాన్ని వెలుగులోకి తెచ్చారు. మన గుండె క్షణం ఆగకుండా కొట్టుకొనేది ఈ శక్తితోనే.

ఆయన దారి సులభంగా సాగలేదు. తండ్రి పోయాక తల్లి నగలమ్మి చదివించింది. మెట్రిక్యులేషన్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఒక ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మామగారూ, కాకినాడలోని ఒక ధర్మసంస్థా డబ్బు సర్దితే అమెరికాలోని బోస్టన్ చేరారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలెత్తే పని. ఆయన ఆ పని చేసిన పీటర్ బెంట్ బ్రిగ్హామ్ ఆసుపత్రిలోనే 1954లో ప్రపంచంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది.

ఫిస్క్ తన ప్రయోగశాలలో చోటివ్వకపోతే సుబ్బారావు గారిని లోకం ఎరుగదు. అయితే ఈ కథకు మరొక ప్రక్క కూడా ఉంది. అదే ప్రయోగశాలలో చదివి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ ఆ తర్వాత చెప్పిందేమంటే, ఫిస్క్ అసూయ వలన సుబ్బారావు గారి పనిలో కొంత భాగం వెలుగు చూడలేదనీ, ఇతరులు దానిని ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ. హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే అనే మందుల సంస్థకు పూర్తిగా వెళ్లిపోయారు. అక్కడ తానే పెద్దగా ఉండి అనేకులను నడిపించారు. డెబ్బై ఏళ్లు దాటిన డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ మందును కనుగొన్నది ఆయన నాయకత్వం క్రిందనే. 1948లో, 53 ఏళ్ల వయస్సులో, సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి కన్నుమూశారు.

గైడు చెయ్యి పైకి లేపగలదు, అదే చెయ్యి అణచి ఉంచగలదు కూడా. అణగద్రొక్కబడినవాడు తన వంతు వచ్చినప్పుడు ఇతరులను లేపవచ్చు. ఈ మూడూ ఆ ఒక్క జీవితంలో ఉన్నాయి.

ఇప్పుడు వాక్యంలోని ఒక మనుష్యుణ్ణి చూద్దాం. సౌలు మారుమనస్సు పొందాడు గాని, యెరూషలేములోని శిష్యులు అతనికి భయపడ్డారు, నమ్మలేదు. అతణ్ణి తీసుకొని అపొస్తలుల ఎదుట నిలబెట్టి సాక్ష్యం చెప్పినవాడు బర్నబా. తర్వాత సౌలు స్వగ్రామమైన తార్సుకు పంపబడ్డాడు. కొన్ని సంవత్సరాలు మనకతని మాటే వినబడదు. అంతియొకయలో పని పెరిగినప్పుడు బర్నబా ఏం చేశాడు? కబురు పెట్టి ఊరుకోలేదు. తానే బయలుదేరి తార్సుకు వెళ్లి, వెదకి, వెంటబెట్టుకొని వచ్చాడు. ఒక సంవత్సరమంతా ప్రక్కన ఉండి కలిసి పనిచేశాడు. మొదట బర్నబా, సౌలు అని వ్రాయబడిన పేర్లు కొన్నాళ్లకు పౌలు, బర్నబా అని మారాయి. బర్నబా దానికి నొచ్చుకున్నట్టు ఎక్కడా కనబడదు. మధ్యలో పని విడిచి ఇంటికి వెళ్లిపోయిన యౌవనస్థుడు మార్కును పౌలే వద్దన్నా బర్నబా వదలలేదు, రెండవ అవకాశమిచ్చాడు.

మన అమ్మాయి కూడా మార్కువలె ఇంటికి తిరిగి వచ్చింది. నేనేమో పెండ్లి మాట ఎత్తాను.

మన క్రైస్తవ వైద్య సేవలో ఈ బర్నబా పరిచర్యకు మంచి సాక్ష్యముంది. వేలూరులో ఐడా స్కడర్ గారు 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల ప్రారంభించినప్పుడు, ఆడపిల్లలు ఈ చదువులో నెగ్గలేరని పెద్ద అధికారులే అనుమానపడ్డారు. మొదటి సంవత్సరం పరీక్షలో ఆమె విద్యార్థినులందరూ ప్యాసయ్యారు. అదే పరీక్షలో పురుషులు అనేకులు తప్పారు. 1940ల చివర అమెరికా నుండి అదే వేలూరుకు వచ్చిన డాక్టర్ రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగాన్ని నిలబెట్టి, ఆ పని తనతోనే ఆగిపోకుండా మన దేశపు యువ డాక్టర్లకు నేర్పారు. వారిలో కొందరు తర్వాత పేరుపొందిన గుండె శస్త్రవైద్యులయ్యారు. 1971లో మన దేశంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైనదీ వేలూరులోనే. నేర్పేవారు నిలబడి నేర్పారు గనుక తర్వాతి తరం లేచింది.

"పరిశోధన తెలివైనవారు చేస్తారు, మన పల్లె పిల్లలే ఎందుకు చేయాలి?" అని మీరు అడగవచ్చు. కారణముంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ బ్రతికే వేలమంది పేదలకు కిడ్నీలు పాడవుతున్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల్లో ఈ జబ్బు తగలని ఊరు అరుదు. నీటి వలననా, ఎండలో చాకిరీ వలననా, మందుల వలననా అని ఎందరో పరిశోధించారు. ఇదే కారణమని ఒక్కటి తేలలేదు. శ్రీలంకలోని వరి రైతుల్లో, మధ్య అమెరికాలోని చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. భవనం లేచింది. అందులో కూర్చొని సంవత్సరాల తరబడి ఓపికతో వెదికేవారు కావాలి.

గుండె సంగతీ అంతే. గుండెజబ్బు పట్నపు ధనవంతుల జబ్బని మనమనుకునేవాళ్లం. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో చనిపోయినవారి కారణాలు వెదకితే, దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వలననే అని తేలింది. ఇంటింటికీ వెళ్లి, దుఃఖంలో ఉన్న కుటుంబంతో తెలుగులో మాట్లాడి ఆ వివరాలు సేకరించినది శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పైగా ఈ రెండు జబ్బులు కవలల వంటివి. కిడ్నీ చెడినవారిలో ఎందరినో చివరికి తీసుకుపోయేది గుండెజబ్బే.

నాటు వేసే ఒక అమ్మను, "పొలంలో ఎన్నిసార్లు నీళ్లు తాగుతావు?" అని అడగండి. తాగుతానంటుంది. ఆ పొలం దగ్గర ఒంటికి వెళ్లడానికి చాటు లేదు గనుక ప్రొద్దంతా గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకుంటానని ఆమె ఏ డాక్టరుకు చెబుతుంది? తనవంటి ఇంట పుట్టిన ఆడపిల్లకు చెబుతుంది. అసలు ఆ ప్రశ్న అడగాలన్న తలంపు ఎవరికి కలుగుతుంది? నాటు వేసిన తల్లి కడుపున పుట్టిన బిడ్డకు కలుగుతుంది. స్త్రీలు, పల్లెవారు, మొదటిసారి బడి చూసిన ఇండ్లవారు పరిశోధనలో ఉండాలనేది వారిమీద జాలిచేత చెప్పే మాట కాదు. వారు లేకపోతే కొన్ని ప్రశ్నలు ఎవరూ అడగరు, కొన్ని జవాబులు ఎవరికీ దొరకవు.

మరి మనమేం చేయగలం? నాకు తోచిన కొన్ని సంగతులు విన్నవిస్తాను.

మొదటిది, తలిదండ్రులారా, మీ బిడ్డను "ఎప్పుడైపోతుంది?" అని అడగకండి. "ఈ వారం ఏం చేశావు?" అని అడగండి. అర్థం కాకపోయినా వినండి. పెండ్లి మాట తప్పు కాదు. అయితే ఆ అమ్మాయి పనిని గౌరవించే ఇంటిని వెదకండి, తొందరపెట్టి సగంలో మాన్పించకండి.

రెండవది, సంఘ పెద్దలారా, మన సంఘాల్లో రిటైరైన సైన్సు మాస్టర్లు, నర్సులు, లాబ్ టెక్నీషియన్లు ఉన్నారు. వారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క విద్యార్థికి తోడుగా ఉండవచ్చు. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో వచ్చింది. వైద్య విద్యార్థులు చదువుకుంటూనే చిన్న పరిశోధన చేసేందుకు భారత వైద్య పరిశోధన మండలి 1979 నుండి ఒక పథకం నడుపుతూ వచ్చింది. ఇటువంటివి మన పిల్లలకు సమయానికి తెలియజేయడం కూడా పరిచర్యే.

మూడవది, ఈ పత్రిక చదివే డాక్టర్లు, ఆచార్యులు కొందరైనా ఉంటారు. అయ్యా, అమ్మా, మీ క్రింద ఉన్న పల్లె విద్యార్థి నోరు తెరచి అడగడు. అడగడం మర్యాద కాదని మేమే నేర్పాం. మీరే పిలిచి అడగండి. వారానికి అరగంట నియమించండి. మీ ప్రయోగాలు ఎన్నిసార్లు తప్పిపోయాయో చెప్పండి. పని అతనిదైతే పేరు కూడా అతనిదే కానివ్వండి.

నాల్గవది, యౌవనస్థులారా, ఒక్క గైడులోనే అన్నీ దొరకవు. విద్య ఒకరి దగ్గర, ధైర్యం ఒకరి దగ్గర, దారి తెలిసిన మాట మరొకరి దగ్గర దొరుకుతుంది. తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి. మీ నాన్న హమాలీ అని చెప్పడానికి అసలే సిగ్గుపడకండి. అన్యాయం జరిగితే ఒంటరిగా మోయకండి, నమ్మదగిన పెద్దకు చెప్పండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. క్రిస్మసు తర్వాత నేను ఆమె దగ్గరకు వెళ్లి, "ఇంకెంతకాలం చదువు" అన్నందుకు క్షమించమని అడిగాను. మా సంఘంలోని రిటైరైన సైన్సు మాస్టరు ఒకాయన ప్రతి శనివారం ఫోన్‌లో ఆమెతో అరగంట మాట్లాడతానన్నారు. ఆమె చదివిన పరిశోధన పత్రం ఆయనకు తెలుగులో వివరిస్తుంది, ఆయన ప్రశ్నలడుగుతారు. అలా సోమవారం కూటానికి ఆమె నోరు ముందే సిద్ధపడుతుంది. మాకు తెలిసిన ఒక కిడ్నీ డాక్టరమ్మ నెలకొకసారి కలవడానికి ఒప్పుకున్నారు. జనవరిలో ఆ అమ్మాయి తిరిగి వెళ్లి, ధైర్యం చేసి తన గైడుతో సంగతంతా చెప్పింది. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడట. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం అరగంట ఇస్తున్నాడు.

గొప్ప సంగతేదీ ఇంకా కనుక్కోలేదు. పోయిన నెల ఫోన్ చేసినప్పుడు, "మళ్లీ పోయిందయ్యగారూ ప్రయోగం" అని నవ్వింది. ఆ నవ్వు విని నేను దేవునికి స్తోత్రం చెల్లించాను.

తండ్రి ఇంకా డయాలసిస్ మంచం మీదనే ఉన్నాడు. ఆయన ప్రశ్నకు జవాబు ఆయన బ్రతికుండగా దొరుకుతుందో లేదో దేవునికి తెలుసు. కాని ప్రతి ఆదివారం ఆరాధనయ్యాక కూతురికి ఫోన్ చేసి, "ఈ వారం ఏం చూసినవ్ బిడ్డా?" అని అడుగుతాడు. ఆమె చెప్పే మాటల్లో సగం ఆయనకు అర్థం కావు. అయినా ఫోన్ పెట్టేయడు.

ప్రియ చదువరీ, మీ సంఘంలో, మీ వీధిలో, తార్సులో మరుగున ఉన్న సౌలు ఎవరు? ఈ నెలలోనే లేచి వెళ్లండి. వెదకండి. వెంటబెట్టుకొని రండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, రోగుల పడకల ప్రక్కన జవాబు లేక నిలిచిన మాకు ఓపికనివ్వండి. జవాబులు వెదకే మా బిడ్డలకు తోడు నడిచేవారినివ్వండి. ఆ తోడు మేమే కావలసి వస్తే, వెనుదీయని మనస్సు మాకు దయచేయండి. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.